ఒక దేశంలో తయారైన బ్రెయిలీ పుస్తకాన్ని వేరే దేశంలోని చూపులేని పిల్లలకు పంపొచ్చా?

పంపొచ్చు, రెండు దేశాలూ మర్రాకేష్ ఒప్పందంలో (మామూలు పుస్తకం చదవలేనివాళ్ల కోసం కాపీరైట్‌ను సడలించే అంతర్జాతీయ ఒప్పందం) చేరి, దాన్ని తమ చట్టాల్లో అమలు చేస్తుంటే చాలు; సాధారణంగా ప్రచురణకర్త అనుమతి కూడా అక్కర్లేదు.

కాపీరైట్ చట్టం ఏ దేశానిది ఆ దేశానిదే. బ్రెయిలీ ప్రతులకు ఒక దేశం ఇచ్చిన మినహాయింపు సరిహద్దు దాటితే చెల్లేది కాదు. దాంతో ఒకే పుస్తకాన్ని ప్రతి దేశమూ మళ్లీ మొదటి నుంచీ తయారు చేసుకోవాల్సి వచ్చేది. ఈ చిక్కు తీర్చడానికే 2013లో మర్రాకేష్ ఒప్పందం కుదిరింది, 2016 సెప్టెంబరు 30న అమల్లోకి వచ్చింది. దాన్ని అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే.

ఉదాహరణకు, స్పానిష్‌లో ఉన్న ఒక లెక్కల పుస్తకం. దాన్ని బ్రెయిలీలోకి మార్చాలంటే అక్షరాలు మారిస్తే సరిపోదు. ప్రతి త్రిభుజాన్నీ, గ్రాఫునూ వేలికి తగిలేలా ఉబ్బెత్తు గీతలతో మళ్లీ గీయాలి. అసలు ఖర్చంతా అక్కడే. అర్జెంటీనాలో ఒకసారి ఆ పని అయితే, గుర్తింపు పొందిన సంస్థ ద్వారా అదే ఫైలు ఉరుగ్వేలోని విద్యార్థికి చేరొచ్చు.

ఈ ఒప్పందం పూర్తిగా చూపులేనివాళ్లకే అని చాలామంది అనుకుంటారు. కాదు. డిస్లెక్సియా వంటి చదివే ఇబ్బంది ఉన్నవాళ్లు, చేతులతో పుస్తకం పట్టుకోలేనివాళ్లు కూడా అర్హులే. వాళ్ల కోసం ఆడియో, పెద్ద అక్షరాల ప్రతులూ ఇందులోకే వస్తాయి. వినికిడి లోపం మాత్రమే ఉన్న పిల్లలకు మాత్రం ఈ ఒప్పందం వర్తించదు.