గడ్డి నమూనాకు వేరెందుకు?

ప్రశ్న: మీటరుకు పైగా ఎత్తున్న ఒక అడవి గడ్డిని హెర్బేరియం (ఆరబెట్టి, షీట్లకు అంటించి దాచే మొక్కల నమూనాల సేకరణ) కోసం మొదలంటా కోసి తెచ్చి, సాయంత్రం న్యూస్‌పేపర్ల మధ్య పెట్టాను. ఆకులు పుల్లల్లా చుట్టుకుపోయాయి, కంకి సగం రాలింది. పైగా వేరు లేనిదే పేరు చెప్పడం కష్టమన్నారు. గడ్డికి వేరుతో పనేమిటి?

జవాబు: ఏడాదితో సరిపోయే గడ్డా, ఏళ్ల తరబడి బతికేదా, నేలలో కొమ్ము (పసుపు కొమ్ములా నేల లోపల పెరిగే కాండం) ఉందా, గరికలా పాకుతుందా అన్నది మొక్క మొదలు, వేళ్లు చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి కొడవలి పక్కన పెట్టి చుట్టూ తవ్వండి. చేత్తో లాగితే కొమ్ము తెగి నేలలోనే ఉండిపోతుంది. మట్టిని నీళ్లలో జాడించి, దుబ్బు లావైతే నిలువునా చీల్చి, వేళ్లున్న రెండు మూడు పిలకలు ఉంచుకోండి.

ఆకులు చుట్టుకోవడానికి కారణం ఆలస్యమే. చాలా గడ్డి ఆకుల పైపొరలో ఉబ్బెత్తు కణాల వరుసలుంటాయి. వాటిలో నీరు తగ్గగానే ఆకు ముడుచుకుంటుంది. తవ్విన చోటే ప్రెస్‌లో, అంటే మొక్కల్ని కాగితాల మధ్య అదిమి ఆరబెట్టే చట్రంలో, పెట్టాలి. షీటు పొడవు సుమారు 42 సెంటీమీటర్లే కనుక పొడవాటి కాడను ‘వి’, ‘ఎన్’, ‘ఎం’ అక్షరాల్లా వంచండి. పచ్చి కాడ మడత దగ్గర లేచి నిలబడుతుంది. చిన్న కాగితం ముక్కకు గాటు పెట్టి మడతను అందులో దూర్చితే కదలదు.

ఒక ఆకును కాడ నుంచి కొంచెం వెనక్కి వంచి నొక్కండి. ఆకు, దాని తొడుగు కలిసే చోట లోపలివైపు సన్నని పొర గానీ వెంట్రుకల వరుస గానీ కనిపిస్తుంది. దాన్నే లిగ్యూల్ అంటారు. పేరు తేల్చేటప్పుడు కంకి తర్వాత చూసేది చాలాసార్లు దాన్నే.

బాగా పండిన కంకి రాలక మానదు. పూత దశ నుంచి గింజ గట్టిపడేలోపు తీయండి. రాలిన చిరుకంకుల్ని పారేయకుండా కాగితం పొట్లంలో వేసి అదే షీటుకు అంటించండి.

ప్రశ్న: పేపర్లు ఎన్నిసార్లు మార్చాలి? లేబుల్‌లో ఏం రాయాలి?

జవాబు: మొదటి మూడు రోజులు రోజూ, ఆపైన రోజు విడిచి రోజు. బద్ధకిస్తే దుబ్బు దగ్గర బూజు పడుతుంది. కాడ పెళుసుగా విరిగితే ఆరినట్టే. పురుగు పట్టకుండా ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పొద్దు, లేకపోతే చెమ్మ పడుతుంది.

లేబుల్‌లో చోటు, తేదీ, సేకరణ నంబరు, నేల తీరు, నీడ ఎలాగూ రాస్తారు. గడ్డి అసలు ఎత్తు, దుబ్బుగా ఉందా పాకిందా, పుప్పొడి తిత్తుల రంగు కూడా అక్కడికక్కడే రాయండి. ఆ రంగు ఆరాక నిలవదు.