ఫర్నేస్ ట్రేలకు మెటీరియల్ ఎంచుకునేటప్పుడు

బాబూ,

కొత్త ఫిక్చర్ల కోసం, అంటే ఫర్నేస్‌లో ఉక్కు భాగాల్ని పెట్టే ట్రేల కోసం, నువ్వు పంపిన మెటీరియల్ జాబితా చూశాను. ప్రతి పేరు పక్కనా అది ఎన్ని డిగ్రీల్లో కరుగుతుందో రాశావు. ట్రే మీద ఎంత బరువు పెడతారు, ఫర్నేస్ లోపల ఏ వాయువు ఉంటుంది, బయటికి తీశాక ఎలా చల్లారుస్తారు అన్నవి మాత్రం రాయలేదు. ముందు అవి తెలుసుకో.

310 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ కరిగేది దాదాపు 1,400 డిగ్రీల సెల్సియస్ దగ్గర. కానీ 1,000 డిగ్రీలకే దాని బలం చాలావరకు పోతుంది. బరువు మోస్తూ గంటల తరబడి ఆ వేడిలో ఉంటే మెల్లగా సాగి కుంగుతుంది. దీన్నే క్రీప్ అంటారు, ఒక్కరోజులో కంటికి కనపడదు. అందుకే సప్లయర్‌ని నీ పని ఉష్ణోగ్రత దగ్గర క్రీప్ బలం ఎంతో అడుగు. 600 నుంచి 900 డిగ్రీల మధ్య ఎక్కువకాలం వాడితే 310 పెళుసెక్కుతుంది కూడా. కార్బురైజింగ్ పనికైతే, అంటే ఉక్కు పైపొరలోకి కార్బన్ ఎక్కించే పనికైతే, సుమారు 35 శాతం నికెల్ ఉన్న 330 రకం మేలు.

కొలతలు తప్పడానికి నేను ఎక్కువగా చూసిన కారణం డిజైనే. మీటరు పొడవున్న 310 బార్ 1,000 డిగ్రీలకు 18, 19 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతటా ఒకేలా పెరిగి, ఒకేలా తగ్గితే ఇబ్బంది లేదు. మందపాటి ఫ్రేముకి సన్నటి కడ్డీలు వెల్డ్ చేస్తే మాత్రం క్వెంచింగ్‌లో, అంటే ఆయిల్‌లాంటి దాంట్లో ముంచి ఒక్కసారిగా చల్లార్చేటప్పుడు, కడ్డీ ముందే చల్లారి ముడుచుకుంటుంది, ఫ్రేము ఇంకా వేడిగా ఉంటుంది. అలా ప్రతిసారీ లాగి లాగి వెల్డ్ దగ్గర పగులుతుంది, లేదా ట్రే మెలితిరుగుతుంది. మందాలు దగ్గరదగ్గరగా ఉంచు. వీలైనచోట వెల్డ్ మానేసి, కదలడానికి కాస్త సందు ఉండే పిన్ జాయింట్లు పెట్టు.

లోపలి గాలి తీసేసే వాక్యూమ్ ఫర్నేస్ అయితే గ్రాఫైట్ గురించి ఆలోచించు. తేలిక, వ్యాకోచం తక్కువ, వేడెక్కేకొద్దీ బలం పెరుగుతుంది. గాలి తగిలితే మాత్రం 500 డిగ్రీల లోపే కాలిపోవడం మొదలవుతుంది. ఉక్కు భాగాల్ని నేరుగా దాని మీద పెట్టకు. కార్బన్ ఉక్కులోకి ఎక్కి, దాదాపు 1,150 డిగ్రీల దగ్గర ఆనినచోట కరిగే ప్రమాదం ఉంది. మధ్యలో అల్యూమినా అనే సిరామిక్ పలక వెయ్యి. అదే అల్యూమినాతో ట్రే చేసి ఆయిల్‌లో ముంచితే పగిలిపోతుంది, జాగ్రత్త.

మొత్తం సెట్ ఆర్డర్ పెట్టకుండా ముందు రెండు ట్రేలే చేయించు. వాడకముందే సర్ఫేస్ ప్లేట్ (కొలతలకు వాడే చదునైన బల్ల) మీద పెట్టి చదును, మూల నుంచి మూలకు పొడవు రాసుకో. కొన్నిసార్లు వేడిచేసి చల్లార్చాక మళ్లీ అక్కడే కొలిచి, ఆ అంకెలు నాకు పంపు.