36×50 తూర్పు ముఖం ప్లాన్: గదులన్నీ ఉన్నాయి, గోడలే లేవు

మీరు అడిగింది టూకీగా ఇదీ. నెల్లూరులో తూర్పు రోడ్డుకి 25 అంకణాల స్థలం (ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు), రోడ్డు వెంబడి 36 అడుగులు, లోపలికి 50. ముందు 5, వెనక 4, ఉత్తర దక్షిణాలు మూడున్నర చొప్పున వదిలి, మిగిలిన 29×41లో రెండు పడగ్గదుల ఇల్లు గీయించారు. కింద మీరూ అమ్మానాన్నలూ ఉంటారు, తర్వాత పైన అద్దెకి ఓ పోర్షన్ వేస్తారు. ఈ ప్లాన్‌లో లోపాలు చెప్పమన్నారు.

ఏ గది ఎక్కడన్నది బాగానే కుదిరింది. ఆగ్నేయంలో వంటిల్లు, దాని పక్కన మెట్లు, ఈశాన్యంలో పార్కింగ్, దాని వెనక హాలు, నైరుతిలోనూ వాయవ్యంలోనూ పడగ్గదులు. తేడా అంతా కొలతల్లో ఉంది. తూర్పు పడమరల్లో మీ గదులు కూడితే పార్కింగ్ 14, హాలు 16, పడగ్గది 11, మొత్తం సరిగ్గా 41. అడ్డంగా హాలు 15, డైనింగ్ 14, మొత్తం 29. అంటే గోడలకి ఒక్క అంగుళం కూడా మిగల్లేదు. బయటి గోడ 9 అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర, ప్రతి ముఖానికీ అర అంగుళం పూత. అడ్డంగా రెండు బయటి గోడలు, ఒక లోపలి గోడ కలిపి దాదాపు రెండడుగులు పోతాయి. మీ 29లో లోపల మిగిలేది 27. ఆ రెండడుగులు ఏ గదిలో తగ్గాలో మీరు ఇప్పుడు కాగితం మీద తేల్చకపోతే, ముగ్గు పోసిన రోజు మేస్త్రి తేలుస్తాడు. ఆయనకి తోచిన చోట తగ్గిస్తాడు, అది మామూలుగా బాత్‌రూమో మెట్లో అవుతుంది.

కాబట్టి ముందు ప్లాన్ గీసినవాళ్లని అడగాల్సింది ఇదొక్కటే: గది మీద రాసిన 14×12 లాంటి కొలత గోడ మధ్య నుంచి గోడ మధ్యకా, లోపలి ఖాళీయా? ప్రతి గదికీ లోపలి ఖాళీ కొలత రాయించండి. నేను కింద చెప్పే లెక్కలన్నీ, ప్రతి గదీ అటూ ఇటూ ఒక అడుగు తగ్గుతుందనుకుని వేసినవి.

మెట్లు. మీ ప్లాన్‌లో అన్నిటికంటే పెద్ద సమస్య ఇక్కడే ఉంది. 6×8 పెట్టె గీసి మెట్లు అని రాశారు. కింది నేల నుంచి పై నేలకి పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు అనుకుందాం. మూడడుగుల ల్యాండింగ్ తీసేస్తే ఎనిమిదిలో మిగిలేది ఐదు అడుగులు. పది అంగుళాల వెడల్పుతో అందులో ఆరు అడుగుమెట్లు పడతాయి, ల్యాండింగ్ మీదికి ఎక్కే ఎత్తుతో కలిపి ఒక వరసకి ఏడు ఎత్తులు, రెండు వరసలకి పద్నాలుగు. 126ని పద్నాలుగుతో భాగిస్తే ఒక్కో మెట్టు 9 అంగుళాల ఎత్తు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకి 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటొద్దంటుంది. అమ్మానాన్నల సంగతి అటుంచి, పైన అద్దెకి దిగేవాళ్లు గ్యాస్ సిలిండర్ ఎత్తుకుని ఎక్కాలి.

7 అంగుళాల ఎత్తు పెట్టుకుంటే పద్దెనిమిది ఎత్తులు. వరసకి తొమ్మిది ఎత్తులు, ఎనిమిది అడుగుమెట్లు, అంటే 6 అడుగుల 8 అంగుళాలు. ల్యాండింగ్‌తో కలిపి పొడవు 9 అడుగుల 8 అంగుళాలు. మూడేసి అడుగుల రెండు వరసలు, మధ్యలో ఆరంగుళాల సందు కలిపి వెడల్పు ఆరున్నర. ఇది గోడలు కాకుండా. పార్కింగ్ 15 అడుగుల వెడల్పు ఉంది కాబట్టి అందులోంచి తీసుకోండి. కారుకి ఆరడుగులు, తలుపులు తెరవడానికి చెరో పక్క రెండున్నర, మొత్తం 11 చాలు. మిగిలిన దాంట్లో బళ్లు పెట్టుకోవచ్చు. పొడవు సంగతంటే, ముందు వదిలిన ఐదడుగులతో కలిపి గేటు దాకా 19 వస్తుంది, ఇన్నోవా కూడా పడుతుంది.

మెట్ల కింద బాత్‌రూమ్ పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ల్యాండింగ్ ఐదుంపావు అడుగుల ఎత్తులో వస్తుంది, శ్లాబు మందం పోను నాలుగు ముప్పావు. మనిషి నిలబడలేడు. ఇన్వర్టర్, పంపు స్టార్టరు పెట్టుకోండి. పై పోర్షన్ కరెంటు మీటరుకి కూడా అక్కడే చోటు ఉంచండి. మెట్లు గేటు దగ్గరే మొదలవుతున్నాయి కాబట్టి పైవాళ్లు మీ గుమ్మం ముందు నుంచి తిరగరు. ఇది మీ ప్లాన్‌లో మంచి విషయం, ఎవరు చెప్పినా మార్చకండి.

వాయవ్యం గది, 15×11. అమ్మానాన్నలకి అన్నారు. లోపల 14×10 మిగులుతుంది. పడమటి గోడ పొడవునా కప్‌బోర్డు గీశారు. దాని లోతు రెండడుగులు. దక్షిణం తల పెట్టి 6×6½ మంచం వేస్తే, పదిలో రెండు పోయి, ఆరు పోయి, మిగిలేది రెండే అడుగులు. మంచం ఒక పక్క తూర్పు గోడకి అంటుకోవాలి, రెండో పక్క కప్‌బోర్డు తలుపు తెరిస్తే మనిషికి చోటుండదు. పెద్దవాళ్లలో ఒకరు రాత్రి లేవాలంటే ఇంకొకరిని దాటి దిగాలి. అదే కప్‌బోర్డు ఉత్తరం గోడకి మార్చండి. 14లో మంచం ఆరున్నర, కప్‌బోర్డు రెండు, మధ్యలో ఐదున్నర అడుగుల నడక. మంచానికి చెరో పక్క రెండేసి అడుగులు. గది కొలత అంగుళం కూడా మారలేదు చూడండి. అందుకే ప్లాన్ చూసేటప్పుడు గది వైశాల్యం కాదు, సామాను వేశాక మిగిలే చోటు చూడాలి.

ఉత్తరం గోడకి కప్‌బోర్డు వస్తే ఆ పక్క కిటికీ పోతుంది. పడమటి గోడకి మార్చి, పైన రెండడుగుల సన్‌షేడ్ వేయించండి. మే నెలలో మన దగ్గర పడమటి గాలి ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. పడమటి కిటికీ 4×4 మించి వద్దు, రెక్కలు పూర్తిగా మూసుకునేట్టు ఉండాలి.

నైరుతి గది ఇంకా వేడి. దక్షిణం, పడమర రెండు గోడలూ ఎండకే. పై పోర్షన్ వేసేదాకా శ్లాబు కూడా కాలుతుంది. పైన వేసే ఉద్దేశం ఉంది కాబట్టి ఇప్పుడే ఖరీదైన కూల్ టైల్స్ పరవకండి, అవి మళ్లీ పగలగొట్టాల్సిందే. ఏటా వేసవికి ముందు తెల్ల సున్నం రెండు కోట్లు కొట్టిస్తే సరిపోతుంది.

వంటిల్లు. తూర్పు ముఖం ఇళ్లలో ఆగ్నేయం వంటిల్లు పెడితే అది వీధి వైపే వస్తుంది, పెరడు వైపు కాదు. మీ ప్లాన్‌లో గిన్నెలు తోమే చోటే లేదు. చేపలు ఎక్కడ కడుగుతారు? దక్షిణం సందు మూడున్నర అడుగులే, అక్కడ పీట వేసుకుని కూర్చుంటే దారి మూసుకుపోతుంది. వంటింటి ముందు, అంటే తూర్పు పక్క, 8×4 యుటిలిటీ తీయండి. వంటిల్లు మూడడుగులు లోపలికి జరిగి 8×9 అవుతుంది. ఆ మూడడుగులు 14×11 డైనింగ్‌లోంచి పోతాయి. అయినా నలుగురి బల్ల గోడకి ఆనించి వేసుకోవచ్చు, పైగా హాలు వైపు తెరిచే ఉంది. యుటిలిటీకి వీధి పక్క నాలుగడుగుల గోడ, పైన గ్రిల్లు. నేల వంటింటి కంటే రెండంగుళాలు పల్లం. లోపల అడుగున్నర ఎత్తు తోముడు గట్టు, పెద్ద జాలీ ఉన్న నీళ్ల తూము. పొలుసులు పైపులోకి పోతే నెలకోసారి మనిషిని పిలవాలి, అందుకే జాలీ తీసి కడిగే రకం పెట్టించండి. గ్యాస్ సిలిండర్ కూడా ఇక్కడే.

గట్టు లోతు రెండడుగులు. ఎత్తు మాత్రం మేస్త్రి అలవాటు ప్రకారం కాకుండా వండే మనిషిని బట్టి పెట్టించండి. ఐదడుగుల మనిషికి 32 అంగుళాలు, ఐదున్నరకి 34. రాయికి చీమకుర్తి గెలాక్సీ (నల్ల గ్రానైట్) దగ్గర్లోనే దొరుకుతుంది, మంచిదే. కానీ అదే పాలిష్ రాయి బయటి మెట్లకి వేయకండి, వాన పడితే జారుతుంది. మెట్లకి గరుకు చేసిన రాయి వాడండి. పొయ్యి సరిగ్గా కిటికీ కింద గీశారు. సాయంత్రం సముద్రపు గాలి ఆ మూల నుంచే వస్తుంది, మంట నిలవదు. పొయ్యి పక్కకి జరపండి, కిటికీ సింకు మీదికి రానివ్వండి.

కిటికీల లెక్క కూడా చెప్తాను. ఉక్క ఉండే తీర ప్రాంతాల్లో గది నేలలో ఆరో వంతు కిటికీ ఉండాలని కోడ్ అంటుంది. మీ హాలు లోపల 14×15, అంటే 210 చదరపు అడుగులు. 35 చదరపు అడుగుల కిటికీ కావాలి. మీరు గీసింది 4×4 ఒకటి, అదీ ఉత్తరం సందులోకి. ఉత్తరానికి 5×4, పార్కింగ్ వైపు తూర్పుకి ఇంకో 5×4 పెట్టండి. పక్కింటి వాళ్ల కిటికీ ఎక్కడుందో చూసి మీది రెండడుగులు అటో ఇటో జరపండి.

బాత్‌రూములు 4×8 రెండు పక్కపక్కనే పెట్టారు, పైపులకి మంచిది. అయితే రెండూ నైరుతి గది ముందున్నాయి, అమ్మానాన్నల గదికి ఎదురుగా నడవా దాటాలి. వాళ్లు వాడేదాని వెడల్పు 5 చేయండి. తలుపు తీశాక ఖాళీ రెండు ముప్పావు అడుగులకి తగ్గకూడదు. ఇప్పుడు అవసరం లేకపోయినా రేపు వాకర్ పట్టాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడితే లోపలికి తెరిచే తలుపు రాదు. పై పోర్షన్ బాత్‌రూములు సరిగ్గా వీటి మీదే రావాలి, హాలు మీదో పూజగది మీదో కాదు. పైన వేసేటప్పుడు చూద్దామంటే కుదరదు, పై ప్లాన్ ఇప్పుడే గీయించండి.

కాలమ్‌లు. 9×12 అంగుళాలు అని రాశారు. ఇక్కడ ఎవరినడిగినా అదే చెప్తారు, గోడలో కలిసిపోతుందని. కానీ 2016 నాటి భారత ప్రమాణం ఐఎస్ 1893లోని భూకంప పటంలో నెల్లూరు, ఒంగోలు మూడో భూకంప జోన్‌లో ఉన్నాయి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 5.4. ఈ జోన్‌లో కాలమ్ సన్నటి పక్క కూడా 300 మిల్లీమీటర్లకి, అంటే 12 అంగుళాలకి తగ్గకూడదని ఇంకో ప్రమాణం, ఐఎస్ 13920, చెప్తుంది. 12 అంగుళాల కాలమ్ 9 అంగుళాల గోడలోంచి మూడంగుళాలు బయటికి వస్తుంది. అది కప్‌బోర్డు వెనక్కి పోవాలా, బయటి పక్కకి పోవాలా అన్నది ప్లాన్ మీద ఒక్కో కాలమ్ పెట్టి చూసుకోవాలి. హాలు మూలలో మూడంగుళాలు పొడుచుకొస్తే సోఫా ఎప్పటికీ గోడకి ఆనదు. ఊచలు, ఫుటింగుల లెక్క మట్టి పరీక్ష చూశాక స్ట్రక్చరల్ ఇంజనీరు వేయాలి. నల్లరేగడి అయితే వానకి ఉబ్బి ఎండకి బీటలు వారుతుంది. ఆ పొర దాటి గట్టి నేల దాకా దిగాలి, గోడల అడుగున చుట్టూ వేసే కాంక్రీటు దూలం, అంటే ప్లింత్ బీమ్, తప్పనిసరి.

బేస్‌మట్టం అడుగున్నర అన్నారు, చాలదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే మనకి అసలు వానలు. 2015 నవంబరు, 2021 నవంబరు వరదలు చూసిన ఊరు ఇది. పైగా సిమెంటు రోడ్డు మళ్లీ వేసినప్పుడల్లా లేస్తుంది. రోడ్డు మధ్య నుంచి ఇంటి నేల రెండున్నర అడుగులు ఉంచండి. పార్కింగ్ రోడ్డుకి 9 అంగుళాలు ఎత్తు, అక్కడి నుంచి ఏడేసి అంగుళాల మూడు మెట్లు. ర్యాంపు ఐదడుగుల్లో 9 అంగుళాలు ఎక్కుతుంది, కారుకి ఇబ్బంది లేదు. ర్యాంపు మీ గేటు లోపలే అయిపోవాలి, రోడ్డు కాలవ మీదికి పోకూడదు.

నీళ్లకి సంపు 6×5×5 తవ్విస్తే 4,200 లీటర్లు పైనే పడతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటిని సంపులో కలపకండి. మిద్దె మీద రెండు ట్యాంకులు, రెండు పైపులు వేరుగా వేయించండి. సెప్టిక్ ట్యాంకు, బోరు ఎదురెదురు మూలల్లో ఉండాలి.

ఇక ఎవరికి ముందు చూపించాలన్నది. వాస్తు సిద్ధాంతికి ముందు. ఆయన ఆయం (కొలత శుభమా కాదా అన్న వాస్తు లెక్క) కట్టి బయటి కొలత ఆరంగుళాలు మార్చమంటారు, దక్షిణం కంటే ఉత్తరం ఖాళీ ఎక్కువ ఉండాలంటారు. మీకు రెండూ సమానంగా ఉన్నాయి, ఆ మాట తప్పక వస్తుంది. తర్వాత ఎల్‌టీపీ, అంటే అనుమతికి ప్లాన్ పెట్టే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్. మీ రోడ్డు వెడల్పుకీ ఎత్తుకీ ఎంత వదలాలో ఆయన దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తర్వాతే స్ట్రక్చరల్ డ్రాయింగు. ఈ వరస తిరగబడితే డ్రాయింగు డబ్బులు రెండుసార్లు కట్టాలి. వీటితో పాటు వంటిల్లు గీసిన కాగితం ఇంట్లో వండేవాళ్ల చేతికి ఇచ్చి, పొద్దున కాఫీ నుంచి రాత్రి గిన్నెల దాకా ఎటు నడుస్తారో పెన్సిలుతో గీయమనండి.

కొలతలు సరిచేశాక మళ్లీ ప్లాన్ పెట్టేటప్పుడు మూడు వివరాలు కూడా రాయండి: రోడ్డు మధ్య నుంచి పక్కిళ్ల నేల ఎంత ఎత్తులో ఉంది, ఆరడుగులు తవ్వితే ఏ మట్టి పడింది, ఉత్తరం పక్కింటి గోడ మీ హద్దుకి ఎంత దూరంలో ఉంది. ఇవి తెలిస్తే కిటికీలూ బేస్‌మట్టమూ ఇంకా కచ్చితంగా చెప్పొచ్చు.