గళ్ళు నిండితే చాలదు, పాస్‌బుక్ పక్కన పెట్టుకుని ఆడండి

ప్రశ్న: మేడమ్, నాది రాజమహేంద్రవరం. మూడేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. పెద్ద ఫ్రిజ్, స్టవ్ కొనడానికి 2 లక్షల అప్పు కావాలి. ఒక ఫైనాన్స్ వాళ్లు 12 శాతం ఫ్లాట్ అన్నారు. బ్యాంకులో 18 శాతం రెడ్యూసింగ్ అన్నారు. రెండూ రెండేళ్లకే. 12 తక్కువ కదా అని అటే మొగ్గాను. ఇంటర్ సీఈసీ చదివే మా అమ్మాయి మాత్రం ‘ఆ మాటలకు అర్థం తెలియకుండా సంతకం పెట్టకమ్మా’ అంటోంది. నాకు ఆదివారం పేపర్లో గళ్ళ నుడికట్టు నింపే అలవాటుంది. అందుకని డబ్బు లెక్కల మాటలు నేర్పే పదాల ఆట ఒకటి నా ఫోన్లో వేసింది. వారం ఉచితం, తర్వాత ఏడాదికి 999 రూపాయలట. ఆటతో ఇవన్నీ ఒంటబడతాయా? ఏ అప్పు తీసుకోమంటారు?

జవాబు: అమ్మా, ముందు అప్పు సంగతి చూద్దాం. ఫైనాన్స్ వాళ్ల కాగితం మీద సంతకం పెట్టకండి. మీ అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం.

రూపాయి వడ్డీ అంటే మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నూటికి నెలకు ఒక రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం. బ్యాంకు చెప్పిన 18 శాతం అంటే రూపాయిన్నర వడ్డీ. అయితే రెడ్యూసింగ్ అన్నారు కాబట్టి అసలు తీరే కొద్దీ వడ్డీ తగ్గుతూ వస్తుంది. మీ కిస్తీ నెలకు సుమారు 9,985 రూపాయలు. మొదటి నెల 2 లక్షల మీద వడ్డీ 3,000 పోను మిగిలిన 6,985 అసలుకు జమ అవుతుంది. రెండో నెల వడ్డీ 1,93,015 మీదే, అంటే 2,895. అలా తగ్గుతూ వెళ్లి రెండేళ్లలో మొత్తం వడ్డీ దాదాపు 39,600 అవుతుంది.

ఫ్లాట్ లెక్క వేరు. 2 లక్షల మీద ఏడాదికి 24,000, రెండేళ్లకు 48,000 వడ్డీని ముందే అసలుకు కలిపేసి 24 నెలలకు పంచుతారు. కిస్తీ 10,333. చివరి నెలలో మీరు తీర్చాల్సిన అసలు పది వేలు కూడా ఉండదు. అయినా ఆ నెల కూడా 2 లక్షలకు వడ్డీ కడుతూనే ఉంటారు. దీన్ని రెడ్యూసింగ్ లెక్కలోకి మారిస్తే 21 శాతం దాటుతుంది, అంటే దాదాపు రూపాయి ఎనభై పైసల వడ్డీ. 12 అని వినిపించిన అప్పుకు 18 శాతం అప్పు కంటే 8,300 పైచిలుకు ఎక్కువ కడతారు. అంత డబ్బు తేడా ఒక్క మాటలో దాక్కుని ఉంది. అందుకే మీ ప్రశ్నలో ఆట గురించి అడిగిన భాగం నాకు అప్పు భాగమంత ముఖ్యంగా అనిపించింది.

ఆటతో మాటలు వస్తాయా అంటే, వస్తాయి. అక్షరాలు కలపడం, గళ్ళు నింపడం వల్ల మాట నోటికి అలవాటవుతుంది, బ్యాంకులో అడగడానికి బెరుకు పోతుంది. అది చిన్న లాభం కాదు. నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది అర్థం కాకపోయినా తల ఊపి సంతకం పెట్టేసి ఉంటారు. అడిగితే చిన్నతనం అనుకున్నామంటారు. అది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

కానీ ‘మొదటి అసలు మీదే చివరిదాకా లెక్కగట్టే వడ్డీ’ అని ఆధారం ఇస్తే ‘ఫ్లాట్’ అని గళ్ళలో రాసేసిన మనిషి కూడా మర్నాడు అదే అప్పు తీసుకోవచ్చు. మాట గళ్ళలోనే ఉండిపోయింది, తన రూపాయల దాకా రాలేదు. అందుకని మీ అమ్మాయితో ఇంట్లోనే ఈ ఆట ఆడండి. పాత శుభలేఖలు చీటీలుగా కత్తిరించండి. ఒకవైపు ఒక మాట, వెనకవైపు నిర్వచనం బదులు మీ కాగితాల్లోంచి తీసిన అంకె రాయండి. చీటీ తీసినవాళ్లు ఆ మాట మన ఇంట్లో ఏ కాగితం మీద ఉందో, ఎన్ని రూపాయలో చెప్పాలి. చెప్పలేకపోతే చీటీ మళ్లీ డబ్బాలోకి వెళ్తుంది.

మొదటి రోజే మీకు ధైర్యం వస్తుంది, ఎందుకంటే సగం మాటలు మీకు వచ్చినవే. రోజూ గల్లా కట్టేశాక మీరు రాసుకునే నోటుబుక్కును మీ అమ్మాయి పుస్తకంలో నగదు చిట్టా అంటారు. అరువు మీద కూరలు పట్టుకెళ్లే వాళ్లకు పేరుకో పేజీ పెట్టి ఉంటారు కదా, అది ఆవర్జా. రాత్రి మిగిలిన కూర ఇంటికి తెచ్చుకుంటే అది సొంతవాడకాలు. ఈ చీటీ మీద మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగండి. గల్లాలోంచి ఇంటి సరుకులకు తీసిన డబ్బు, తెచ్చుకున్న కూర రాయకపోతే, కొట్టు లాభంలో ఉందో లేదో మీకే తెలియదు. కొనబోయే ఫ్రిజ్ కోసం తరుగుదల అని ఒక చీటీ రాయండి. ఉదాహరణకు 60,000 పెట్టి కొన్నది ఆరేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 10,000 అరిగిపోతున్నట్టే. కూర ధర కట్టేటప్పుడు అది కూడా లెక్కలోకి రావాలి.

డెబిట్, క్రెడిట్ దగ్గర మీ ఇద్దరికీ వాదన వస్తుంది, రావాలి కూడా. మీరు బ్యాంకులో 5,000 వేస్తే పాస్‌బుక్కులో క్రెడిట్ అని పడుతుంది. మీ అమ్మాయేమో బ్యాంకు ఖాతాకు డెబిట్ అంటుంది. ఇద్దరూ ఒప్పే. పాస్‌బుక్కు బ్యాంకు తన వైపు నుంచి రాసుకున్న లెక్క. మీ 5,000 వాళ్లకు మీరిచ్చిన అప్పు లాంటిది, అందుకని అక్కడ క్రెడిట్. కొట్టు లెక్కలో మాత్రం అది మీకు రావాల్సిన డబ్బు, అందుకని డెబిట్. ఒకరు బ్యాంకులా, ఒకరు ఖాతాదారులా ఎదురెదురుగా కూర్చుని ఒకే లావాదేవీని రెండు పుస్తకాల్లో రాయండి. పది సార్లు రాస్తే ఈ టెన్షన్ పోతుంది.

ఒకే మాట చోటు మారితే అర్థం మారడం కూడా ఆటలో పెట్టండి. చిట్టీ కట్టేవాళ్లు డివిడెండ్ వచ్చిందంటే, పాటలో తగ్గించుకున్న డబ్బులో తమ వాటా అని అర్థం. షేర్ల డివిడెండ్ కంపెనీ లాభంలో వాటా. ఈ గందరగోళం ఉందనే 2019లో చిట్ ఫండ్స్ చట్టాన్ని సవరించినప్పుడు డివిడెండ్ బదులు ‘తగ్గింపులో వాటా’ అనే అర్థం వచ్చే మాట పెట్టారు.

ఇక అప్పుకు కావాల్సిన ముఖ్యమైన చీటీలు రెండు. ఒకటి, చేతికొచ్చే మొత్తం. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అన్నారనుకోండి, 4,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 720. పైగా బీమా అంటూ ఇంకొంత పట్టుకుంటే మీకు 2 లక్షలు రావు, వడ్డీ మాత్రం 2 లక్షలకు కడతారు. రెండోది ఏపీఆర్, అంటే వడ్డీతో పాటు ఆ ఖర్చులన్నీ కలిపి ఏడాదికి పడే అసలైన రేటు. బ్యాంకు వాళ్లనూ, ఫైనాన్స్ వాళ్లనూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాలన్నీ ఒకచోట రాసిన కాగితం అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులకు బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) ఆ కాగితం ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన. మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, కాబట్టి తెలుగులోనే ఇమ్మనండి. రెండేళ్ల అప్పుకు ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిరోజులు గడువు కూడా ఉంటుంది. రెండు కాగితాలూ ఇంటికి తెచ్చి, ఏపీఆర్ చీటీ వెనక రెండు అంకెలూ రాయండి. ఖర్చులు కలిపాక కూడా బ్యాంకుదే తక్కువ ఉంటే అదే తీసుకోండి. ఫైనాన్స్ వాళ్లు ఆ కాగితం ఇచ్చేది లేదంటే వాళ్ల దగ్గర అప్పే తీసుకోకండి.

ఆ యాప్‌కు 999 ఇప్పుడే కట్టకండి. ఉచిత వారం మీకు నచ్చితే ఆడుకోండి, తప్పేం లేదు. కానీ ఉచితంగా మొదలుపెట్టేటప్పుడు యూపీఐలో ఆటోపే అనుమతి ఇచ్చి ఉంటే, ఎనిమిదో రోజు డబ్బు దానంతటదే కట్ అవుతుంది. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉన్న చోట ఆ పేరు కనిపిస్తే వారం పూర్తి కాకముందే రద్దు చేయండి. ఈ రాత్రి ఆటలో మొదటి చీటీ మీద ఆటోపే అనే రాయండి.