మంచు కాలంలో ఇల్లు కొంటున్నారా, సెప్టిక్ డబ్బు ముందే పక్కన పెట్టించండి

చెల్లెమ్మా, నువ్వడిగినవి నాలుగు సంగతులు. మసాచుసెట్స్‌లో మీరు ఇల్లు కొంటున్న వెస్ట్‌ఫోర్డ్‌లో స్కూళ్ళు ఎలా ఉంటాయి, ఆఫీసుకి ఎంతసేపు పడుతుంది, లోన్ ఎక్కడ తీసుకుంటే మంచిది, ఇక చివర్లో ఒక్క ముక్క, "సెల్లర్ సెప్టిక్ ఇన్‌స్పెక్షన్ మంచు కరిగాక చేయిస్తానంటున్నాడు, పర్వాలేదు కదా అక్కా" అని. మొదటి మూడూ ఎవరిని అడిగినా చెప్తారు, ఆష్‌లాండ్ గుడిలో ప్రసాదం లైన్లో నిలబడితే అడక్కుండానే చెప్తారు. ఆ చివరి ముక్క చదివాకే నా గుండె గుభేలుమంది. పర్వా ఉంది. చాలా ఉంది. అందుకని మిగతావి వదిలేసి దాని గురించే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

రూలు సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తా. మసాచుసెట్స్‌లో ఊరి డ్రైనేజీకి కాకుండా పెరట్లోనే సెప్టిక్ ఉన్న ఇల్లు అమ్మాలంటే టైటిల్ 5 (సెప్టిక్‌ల మీద రాష్ట్రం పెట్టిన రూలు) ప్రకారం ఇన్‌స్పెక్షన్ ఉండాలి, అది అమ్మకానికి ముందు రెండేళ్ళలోపు చేసినదై ఉండాలి, ఏటేటా ట్యాంక్ పంప్ చేయించిన రికార్డులుంటే మూడేళ్ళ వరకు చెల్లుతుంది. వాతావరణం వల్ల కుదరకపోతే, ఆ సంగతి కొనేవాళ్ళకి రాతపూర్వకంగా తెలియజేసి, అమ్మకం అయ్యాక ఆరు నెలల్లోపు చేయించొచ్చు. ఫెయిలయితే మామూలుగా రెండేళ్ళలో ఓనరు బాగు చేయించాలి. ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వ సైట్లో ఉన్నాయి, చదువుకో, నేను లాయర్ని కాను. కాకపోతే ఆ చివరి వాక్యం ఇంకోసారి చదువు. ఓనరు బాగు చేయించాలట. సంతకాలయ్యాక ఓనరెవరు? నువ్వే. సెల్లర్ మంచు కరిగాక అంటున్నది ఇన్‌స్పెక్షన్ గురించే అనుకుంటున్నావు, ఖర్చు కూడా దానితో పాటే నీ వైపుకి జరుగుతోంది.

మేం కొన్నది కూడా చలికాలంలోనే, జనవరిలో, ఇక్కడే 495 హైవే పక్కన ఒక ఊళ్ళో. అద్దె కట్టీ కట్టీ విసుగొచ్చి, అద్దెకి పోసేది ఏదో ఇంటికే పోద్దాం అని అందరూ వేసే లెక్కే మేమూ వేశాం. పెరడంతా మోకాలి లోతు మంచు, ట్యాంక్ ఎక్కడుందో, అసలు పెరడు ఎక్కడితో అయిపోతుందో కూడా తెలీదు. మా రియల్టరు "చలికాలంలో ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారు" అంది. సెల్లరు ధరలో 5 వేల డాలర్లు తగ్గించాడు. ఆ 5 వేలకి మేం పడ్డ సంబరం చూడాలి నువ్వు, కర్టెన్లకి సరిపోతాయని ఆ రాత్రే లెక్కలేసుకున్నాం. అడక్కుండానే ఎందుకు తగ్గించాడన్న అనుమానం ఇద్దరు ఇంజనీర్లున్న ఇంట్లో ఒక్కరికీ రాలేదు. క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు మా పేరు మీదకి మారే రోజు, పెట్టిన కాయితాల కట్టలో, ఇన్‌స్పెక్షన్ ఇంకా జరగలేదని మాకు తెలుసు, ఆరు నెలల్లో జరగాలని తెలుసు అన్న పేజీ ఒకటుంది. మా ఆయన సంతకం పెట్టాడు, పక్కన నేను పెట్టాను, చదివింది మాత్రం ఎవరూ లేరు.

ఏప్రిల్లో మంచంతా కరిగాక పెరట్లో ఒక మూల గడ్డి మిగతా చోట్లకంటే ముందే పచ్చగా లేచింది. నేను చూసి మురిసిపోయి అక్కడ గోంగూర వేద్దామనుకున్నాను. ఇన్‌స్పెక్టరు సన్నటి ఇనుప ఊచతో నేలలో పొడుచుకుంటూ వచ్చి సరిగ్గా ఆ మూలకి దగ్గర్లోనే తవ్వడం మొదలెట్టాడు. డి-బాక్స్ అంటారు, ట్యాంక్‌లోంచి వచ్చే నీళ్ళని లీచ్ ఫీల్డ్ (ఆ నీళ్ళు భూమిలోకి ఇంకే చోటు) పైపుల్లోకి పంచే కాంక్రీటు పెట్టె. అందులో నీళ్ళు ఆ పైపుల నోటి కింది అంచు దాటి పైకి రాకూడదు. మూత ఎత్తితే మాకు పైపుల నోళ్ళే కనపడలేదు, అన్నీ మునిగిపోయి ఉన్నాయి. పెట్టె గోడ మీద ఆ నీటికి ఇంకా జానెడు పైన నల్లటి చార ఒకటి ఉంది. ఆయన ఆ చార చూపించి, ఇది ఈ ఏడాది వానలకి వచ్చింది కాదు, చాలాకాలంగా ఉన్నదే అన్నాడు. అంటే భూమి నీళ్ళు పీల్చుకోవడం మానేసి ఏళ్ళవుతోంది, నా గోంగూర స్థలం అంత పచ్చగా ఉన్నది అందుకు. ఫెయిల్. రిపోర్టు 30 రోజుల్లో బోర్డ్ ఆఫ్ హెల్త్‌కి, అంటే ఊరి ఆరోగ్య శాఖకి, వెళ్ళిపోతుంది కాబట్టి మనలో మనం దాచుకునేది ఏమీ ఉండదు.

సెల్లరు అప్పటికే ఫ్లోరిడాలో సెటిలయ్యాడు. లాయర్ని అడిగితే మేం సంతకం పెట్టిన పేజీనే తీసి మా ముందు పెట్టాడు, దానికి ఫీజు వేరే. అక్కణ్ణుంచి మొదలైంది. మట్టి పరీక్షకి ఎక్స్‌కవేటరు, బోర్డు మనిషి ఎదురుగా తవ్వాలి, దానికో ఫీజు. ఇంజనీరు గీసే ప్లానుకి ఇంకో ఫీజు. మా దగ్గర భూగర్భ జలం మరీ పైకి ఉందని తేలింది, లీచ్ ఫీల్డ్ అడుగుకీ ఆ నీటికీ మధ్య కనీసం 4 అడుగులు ఎడం ఉండాలి గనక లారీల కొద్దీ ఇసుక తోలి పెరట్లో గుట్ట కట్టి దాని మీద ఫీల్డ్ పెట్టారు. మొత్తం తడిసి మోపెడై 40 వేల డాలర్లు దాటింది. తెనాలి దగ్గర మా నాన్న పసుపు కుంకుమల కింద ఇచ్చిన స్థలం అమ్మేశాం. ఆ స్థలం ఇప్పుడు ఎంత పలుకుతోందో మా తమ్ముడు ప్రతి సంక్రాంతికీ ఫోన్ చేసి మరీ చెప్తాడు.

అయినా ఆ 40 వేలలో ఒక్క డాలరు కూడా క్రెడిట్ కార్డు మీద పెట్టలేదు మేం, అది రాసుకో. సొంతంగా ఉండే ఇంటి సెప్టిక్ బాగు చేయించుకుంటే రాష్ట్రం ఇన్‌కం టాక్స్‌లో క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గింపు, ఇస్తుంది, దాన్నీ వదల్లేదు, ఏడాదికింత చొప్పున చివరి డాలరు దాకా తీసుకున్నాం. 2023 నుంచి ఆ క్రెడిట్ బాగా పెంచారు, మీ తరం అదృష్టవంతులు, మీకు అన్నీ అమర్చినట్టు దొరుకుతున్నాయి.

ఇప్పుడు నీ సంగతి. సెల్లరు ధర తగ్గిస్తానంటే ఒప్పుకోకు. తగ్గించిన డబ్బు 30 ఏళ్ళ లోన్లో కలిసిపోతుంది, ఫెయిలయిన రోజున నీ చేతిలో ఉండదు. డబ్బు ఎస్క్రోలో పెట్టమని అడుగు, అంటే అతనికి రావాల్సిన దాంట్లోంచి కొంత ఎటార్నీ దగ్గర ఆగిపోతుంది, పాసయితే అతనికి వెళ్తుంది, ఫెయిలయితే కొత్త సిస్టమ్‌కి ఖర్చవుతుంది. ఎంత అంటే, రిపేరు ఎంతవుతుందో కొటేషన్ ఉంటే దానికి ఒకటిన్నర రెట్లు అడగడం ఇక్కడ మామూలే. నీకు కొటేషన్ లేదు, అసలు లోపలేముందో తెలీదు, కాబట్టి కొత్త సిస్టమ్ మొత్తం ఖర్చు అడుగు. ఇప్పుడు 30, 40 వేలకి తక్కువ ఎవరూ చెప్పట్లేదు, గుట్ట కట్టాల్సి వస్తే ఇంకా పైనే. "నా సిస్టమ్ బ్రహ్మాండంగా ఉంది" అంటాడు సెల్లరు. బ్రహ్మాండంగా ఉంటే డబ్బంతా తిరిగి తనకే వస్తుందిగా, మరి టెన్షన్ ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నకి అతను చెప్పే జవాబుని బట్టే సగం సంగతి తెలిసిపోతుంది. ఇవన్నీ పర్చేజ్ అండ్ సేల్ అగ్రిమెంటులో రాయించాలి, నోటి మాటలు వద్దు. ఎవరు చేయిస్తారు, ఎప్పటిలోగా, ఫెయిలయితే ప్లాను గీయించేది ఎవరు, గడ్డి మళ్ళీ వేయించేది ఎవరు, అది కూడా. నవ్వకు, మా పెరడు రెండో వేసవి దాకా మట్టి దిబ్బలాగే ఉంది. నీ బ్యాంకుని కూడా ముందే అడుగు, చాలా బ్యాంకులు పాసయిన రిపోర్టు గానీ ఎస్క్రో గానీ లేకుండా లోన్ ఇవ్వవు.

అసలు చలికాలంలో ఇన్‌స్పెక్షన్ చేయలేరన్నది చాలాసార్లు ఉత్తి మాట. నేల గడ్డకట్టినా పై పొరే కదా గట్టిపడేది, మూత ఎక్కడుందో తెలిస్తే మంచు తోసి, గునపంతో పగలగొట్టి తీస్తారు, కాకపోతే అదనంగా తీసుకుంటారు. ఎక్కడుందో తెలియడానికి టౌన్ హాల్లో బోర్డ్ ఆఫ్ హెల్త్ వాళ్ళ దగ్గర ఆ ఇంటి ఫైలుంటుంది, యాజ్-బిల్ట్ ప్లాన్, అంటే సిస్టమ్ కట్టాక ఏది ఎక్కడుందో గీసిన ప్లాను, అడుగు. అందులో ఇంటి ఒక మూల నుంచి ఇన్ని అడుగులు, ఇంకో మూల నుంచి ఇన్ని అడుగులు అని రాసి ఉంటుంది, రెండు టేపులు పట్టుకుంటే అవి కలిసే చోటే మూత. మూతని నేల దాకా తెచ్చే రైజరు గనక పెట్టి ఉంటే ఇంకా తేలిక. పంపింగ్ రికార్డులూ ఆ ఫైల్లోనే దొరుకుతాయి. ఆ ట్యాంకు పదేళ్ళుగా ముట్టుకోలేదా, లేక ఒకే ఏడాదిలో పదే పదే పంప్ చేయించారా చూడు. రెండోది ఇంకా భయం. మనవైపు ట్యాంకు నిండి బండిని పిలిస్తే సమస్య తీరిపోయినట్టే లెక్క, ఇక్కడ మాటిమాటికీ బండి వచ్చిందంటే ఫీల్డ్ పోయిందని అర్థం. ఆ ఊళ్ళో దాదాపు అందరివీ సెప్టిక్ ఇళ్ళే కాబట్టి ఆఫీసు వాళ్ళకి ఇవన్నీ రోజూ అడిగేవే, మొహమాటపడకు.

నువ్వు రాసిన దాంట్లో నాకు నచ్చనిది ఇంకోటుంది, సెల్లరు వాళ్ళు థాంక్స్‌గివింగ్‌కే ఖాళీ చేశారన్నావు. నీళ్ళు వాడని ఇంట్లో పాడైన ఫీల్డ్ కూడా మెల్లగా ఎండి బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది. అందుకే ఇన్‌స్పెక్షన్ ఫారంలో, గత రెండు వారాల్లో మామూలుగా నీళ్ళు వాడారా, ఆ రెండు వారాల్లో పంప్ చేశారా అని విడిగా అడుగుతారు. ఆ గళ్ళలో ఏం టిక్ పెట్టారో చూసి అప్పుడు పాస్ అన్న మాట నమ్ము. మార్చి, ఏప్రిల్లో మంచు కరిగి భూగర్భ జలం పైకొస్తుంది, అసలు బండారం అప్పుడే బయటపడుతుంది. హోమ్ ఇన్‌స్పెక్టరు టాయిలెట్లో రంగు పోసి చూశాను, బాగుందన్నాడని మురిసిపోవద్దు, అది టైటిల్ 5 కాదు.

నాలుగు బెడ్రూముల ఇల్లని రాశావు. ప్లాన్లో ఎన్నున్నాయో చూశావా? సెప్టిక్‌ని బాత్రూములతో కాదు, బెడ్రూములతో కొలుస్తారు, బెడ్రూముకి రోజుకి 110 గాలన్లు. ఫైల్లో 330 అని ఉంటే అది మూడు బెడ్రూముల ఇల్లే, నాలుగో దానికి నువ్వు డబ్బు కడుతున్నావు గానీ అది సిస్టమ్‌కి లెక్కలో లేదు. మనవాళ్ళు ఇంట్లో దిగగానే చేసే మొదటి పని బేస్‌మెంట్లో అత్తగారికీ మావగారికీ ఓ గది వేయడం. దానికి పర్మిట్ అడిగిన రోజున సెప్టిక్ పెంచమంటారు, మళ్ళీ అదే 40 వేలు. సింకులో గార్బేజ్ డిస్పోజల్ ఉందా అన్నది కూడా చూడు, దాని కోసం సిస్టమ్ పెద్దగా కట్టకపోతే వాడకపోవడమే మేలు, కూరగాయల తొక్కలు రుబ్బి పంపిస్తే ట్యాంకు తొందరగా నిండుతుంది.

దిగాక చలికాలం జాగ్రత్తలు పెద్దగా ఏమీ లేవు. ఫీల్డ్ మీదా పైపుల దారిలోనూ కారు పెట్టకు, మంచు తోయకు, పడ్డ మంచే నేలకి దుప్పటి. కారే కుళాయిలు బాగు చేయించు, సన్నటి ధార పైపులో పేరుకుని గడ్డకడుతుంది. హై ఎఫిషియెన్సీ ఫర్నేస్ అయితే దాని నీళ్ళు బొట్లుబొట్లుగా అదే పైపులోకి పోతున్నాయేమో చూసుకో, మేం సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో వేరే వాడకం లేక ఆ బొట్లే పైపుని మూసేశాయి, వచ్చాక ఆవిరి బండిని పిలిస్తే విమానం టికెట్టంత బిల్లయింది. ఉప్పు, యాంటీఫ్రీజ్ లాంటివి పోసి కరిగిద్దామనుకోకు. బూరెలు వేసిన నూనె సింకులో పోయకు, మూకుడు ముందు పేపర్ టవల్‌తో తుడిచి అప్పుడు కడుగు. మూడేళ్ళకోసారి పంపింగ్, 400 డాలర్లు అటూ ఇటూ, అక్టోబర్లో చేయించు, నేల మెత్తగా ఉంటుంది, తవ్వినందుకు అదనంగా అడగరు.

క్లోజింగ్ తేదీ రాయలేదు నువ్వు. అగ్రిమెంటు మీద ఇంకా సంతకం పెట్టకపోయుంటే రేపు పొద్దున్నే మీ ఎటార్నీకి ఫోన్ చేసి ఎస్క్రో మాట ఎత్తు, రియల్టరుకి తర్వాత చెప్పొచ్చు, ఆవిడకి కమిషను క్లోజింగయితేనే వస్తుంది. టౌన్ హాల్‌కి మీవారిని పంపి ఫైలు మొత్తం కాపీ తెప్పించు. ప్లాను అర్థం కాకపోతే ఫొటో తీసి నాకు పంపు, మా ఆయన ఇప్పుడు ఆ గీతలన్నీ చదివేస్తాడు. స్కూళ్ళ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.