రుమా కుతాయ్ ఇళ్లను స్కాన్ చేయబోతున్న మా అమ్మాయికి

అమ్మాయ్,

మన మలేషియాలో పెరాక్ నది ఒడ్డున ఉన్న రుమా కుతాయ్‌లను, అంటే మలయ్ వాళ్ల పాతకాలపు చెక్క ఇళ్లను లేజర్‌తో స్కాన్ చేయడానికి నువ్వూ నీ స్నేహితులూ బయలుదేరుతున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన బాగన్ దాతోక్ ఊరి తెలుగు పిల్ల మలయ్ ఇళ్ల కోసం ఊళ్లు తిరగబోతోందని మీ పెద్దమ్మ వీధంతా చెప్పుకొస్తోంది. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఆ ఇళ్లలో నేల సంగతి నాకు తెలుసు.

చెంగల్ అనే గట్టి కర్ర స్తంభాలకు ఢోకా ఉండదు, పైన పరిచిన పలకలతోనే భయం. చెదలు లోపలంతా తినేసి పైపొరను నున్నగా వదిలేస్తాయి. ఇల్లు స్తంభాల మీద ఉంటుంది కదా, ఎక్కేముందు కిందికి దూరి టార్చి వేసి చూడు. దూలాలు ఎటు పోతున్నాయో చూసుకుని వాటి మీదే అడుగు వెయ్యి, ట్రైపాడ్ కూడా అక్కడే పెట్టు. చీకటి పడితే దిగిపో. నవ్వకు, నిజంగానే చెబుతున్నా.

చెప్పులు బయట విప్పు. తాళం చెవి ఇచ్చినవాడే యజమాని అనుకోకు. పిత్రార్జితం నలుగురైదుగురి మధ్య తేలకుండా ఉంటుంది, అందరినీ అడుగు. ఇంటి కింద, వంటింట్లో, అటక మీద కూడా స్కానర్ పెట్టు. రేకుల కప్పు ఎండకు మెరిసిపోతుంది, దాని ఫొటోలు పొద్దున్నే తియ్యి.

ఇక అసలు సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు ఒక ఇంటిని విప్పి వేరే చోట నిలబెట్టే పని ఒప్పుకుంది. అప్పట్లో నా పని టేపు రెండో కొస పట్టుకోవడం. ఇల్లు రెండు వైపులా ఒకేలా ఉందని పెద్ద ఇంజినీరు గారు ఎడమ సగమే కొలిపించి, ట్రేసింగ్ పేపర్ తిరగేసి కుడి సగం గీయించారు. స్తంభాల మధ్య దూరాలు ఒక్కోచోట ఒక్కోలా వస్తుంటే 'వడ్రంగి లెక్క తప్పాడు' అని సగటు తీసి అన్నీ సమానం చేశారు. పాత వడ్రంగులు ఇంటి ఇల్లాలి బారతో కొలతలు వేసేవారు, మీటర్లలో అవి ఎందుకు రౌండుగా వస్తాయి? అరుగు మీద కూర్చున్న ముసలి తుకాంగ్, అంటే మలయ్ వడ్రంగి, ఏదో చెప్పబోతే ఎవరూ వినలేదు. డ్రాయింగు మాత్రం చూడముచ్చటగా వచ్చింది. చెక్కల మీద సుద్దతో నంబర్లు రాసి లారీ ఎక్కించారు. దారిలో వాన. దింపేసరికి సగం నంబర్లు లేవు. డ్రాయింగు చూసి పేరుద్దామంటే దూలాల కొసలు స్తంభాల బెజ్జాల్లో దూరలేదు. మేకు లేకుండా కర్ర చీలలతో నిలబడిన ఇంటిని చివరికి రంపంతో కోసి, ఇనప బోల్టులు బిగించి నిలబెట్టారు. తర్వాత ఏ గాలివానకైనా అది కిర్రుమంటూనే ఉండేది.

విప్పి కట్టడమే తప్పని కాదు. కెడా రాష్ట్రం నుంచి కౌలాలంపూర్‌లో జాలన్ స్టోనర్ వీధికి తెచ్చి నిలబెట్టిన పెంఘులు (ఊరి పెద్ద) అబు సెమాన్ ఇల్లు వెళ్లి చూడు. దారిలో కువాలా కంగ్సార్‌లో దిగి ఇస్తానా కెనాంగన్ అనే పాత రాజభవనం కూడా చూడు. 1926లో ప్లాను గీయకుండా, మేకు కొట్టకుండా కట్టారంటారు. దాని గోడల నిండా వెదురు అల్లిక, అదే కెలారాయ్. నువ్వు వెళ్లే ఇళ్లలోనూ ఆ అల్లిక ఉంటుంది, దగ్గరగా ఫొటోలు తియ్యి.

నీ స్కానర్ మిల్లీమీటర్ కూడా వదలదు, ఒప్పుకుంటాను. ప్రమాదం ఆ తర్వాత, ఏసీ గదిలో పాయింట్ క్లౌడ్ (స్కానర్ తెచ్చిన చుక్కల గుంపు) మీద మోడల్ గీసేటప్పుడు వస్తుంది. ఒక స్తంభం గీసి మిగతావి కాపీ కొట్టాలనిపిస్తుంది. ఒరిగినదాన్ని నిటారుగా నిలబెడితే స్క్రీన్ మీద అందంగా ఉంటుంది. మా ఇంజినీరు గారు చేసిందీ అదే! ఒరిగినదాన్ని ఒరిగినట్టే గీయి. శుభ్రం చేసిన ఫైలు వేరు, మొదట తీసిన స్కాన్ వేరు. రెండోదాన్ని ఎప్పటికీ చెరపకు. చాలా సాఫ్ట్‌వేర్‌లలో తెరుచుకునే ఈ57 (E57) ఫార్మాట్‌లో ఒక కాపీ ఉంచు, ఇంకో కాపీ వేరే ఊళ్లో పెట్టు.

ఇంకొకటి. లేజర్‌కు చెక్క పైభాగమే కనిపిస్తుంది, అతుకు లోపల కొస ఎలా చెక్కారో కనిపించదు. అది తుకాంగ్ చేతికే తెలుసు. ఆ ఊళ్లో అలాంటివాళ్లు ఇంకా ఎవరున్నారో మసీదు దగ్గర అడుగు, సలాం చెప్పి 'పాక్‌చిక్' (బాబాయ్) అని పిలువు, వాళ్లు గీసి చూపిస్తుంటే వీడియో తియ్యి. స్కానర్ అద్దెకు దొరకలేదంటే వచ్చే నెల వెళ్లు, పరవాలేదు. ఎనభై దాటిన మనిషి దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్లు.

మొదటి స్కాన్ నాకు పంపు. ఆ ఫైలు నా ఫోన్‌లో తెరుచుకోదని మీ నాన్న ఇప్పుడే తేల్చేశాడు. తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్ పట్టుకుని నువ్వే రా, మీ పెద్దమ్మ పులిహోర చేస్తానంటోంది.

మీ పెదనాన్న