తండ్రి నుంచే వచ్చిందా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. లెక్క సగంలో వదిలేసి లేచిపోతాడు, టీచర్ ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు అరిచేస్తాడు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) అన్నారు డాక్టర్. మా ఆయన కూడా చిన్నప్పుడు అచ్చం ఇంతేనట. అత్తగారేమో నా పెంపకం లోపమంటున్నారు. ఇది వంశపారంపర్యమా?

జవాబు: అమ్మా, ముందు ఆ నిందని మనసులోంచి తీసేయండి. కవలల మీద జరిగిన అధ్యయనాలు కలిపి చూస్తే, ఈ లక్షణాల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు 74 శాతం జన్యువుల వల్లేనని తేలింది. అంటే తండ్రికి ఉంటే కొడుక్కి వచ్చే అవకాశం 74 శాతమని కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. పైగా ఇది ఏ ఒక్క జన్యువు పనీ కాదు. 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం మన జన్యువుల్లో దీనికి సంబంధమున్న 27 చోట్లను గుర్తించింది, ఒక్కోదాని ప్రభావం చాలా స్వల్పం, అందుకే ఏడీహెచ్‌డీని తేల్చే జన్యుపరీక్ష అంటూ ఏదీ లేదు. నెలలు నిండకుండా పుట్టడం లాంటివీ కొంత కారణమవుతాయి.

పుట్టుకతో వచ్చింది కదా అని వదిలేయకండి. మందులు, ప్రవర్తన శిక్షణ బాగా పనిచేస్తాయి. ఇంట్లో ఒకసారికి ఒక్క పనే చెప్పండి, హోంవర్క్ చిన్న ముక్కలుగా చేయించండి, పూర్తిచేసిన వెంటనే మెచ్చుకోండి. మీ ఆయనకి ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటే ఆయన్నీ సైకియాట్రిస్టుకి చూపించండి, పెద్దవాళ్లకీ చికిత్స ఉంది.